నలుచదరపు గళ్లలో గుండ్రని అక్షరము

(సంఘ సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన భవనము ముంగిటి పేరుపలక క్రొత్తగా చేయింపవలసి వచ్చినదని మీరెల్లరు ఎరుగుదురు. కార్యవర్గము ఆ పని మాకు అప్పగించినది. పలక చేయించుటయే గదా, నాలుగు దినముల పని అని అందరును అనుకొనిరి. నమూనాలు తెప్పించితిమి, మూడు వచ్చినవి. మూడింటియందును మరాఠీ పంక్తి నిండుగా, తీర్చి దిద్దినట్లు నిలిచినది. దాని క్రింద మన తెలుగు పంక్తి మాత్రము చిక్కిపోయి, గదిలో చోటు దొరకని చుట్టము వలె ముడుచుకొని కూర్చున్నది. రెంటికిని ఒకే కొలత ఇచ్చితిమని చేసినవారు ప్రమాణము చేసి చెప్పుచున్నారు. కంప్యూటరులో చూచితిమి, నిజముగనే ఒకే అంకె ఉన్నది. మరి ఒకటి పెద్దదిగాను, ఒకటి చిన్నదిగాను ఏల కనబడవలెను? ఈ ప్రశ్న వెంట పోగా పోగా, అది పలక దగ్గర ఆగక మన మగ్గము దాక వచ్చినది. ఇరువది నిమిషములు మీ సమయము తీసికొని ఆ సంగతియే మనవి చేయదలచితిమి.

మేము చద్దర్లు, టవళ్లు అమ్ముకొను వర్తకులము. మెట్రిక్ వరకు చదివి దుకాణము మీద కూర్చున్నవారము. అక్షరశాస్త్రము మా విద్య కాదు. అయినను నేతలో పేర్లు ఎత్తించుట మా నిత్యపు పని గనుక, అక్షరము ఎక్కడ నిలుచునో, ఎక్కడ విరుగునో చేతులకు తెలిసిన మేరకు చెప్పగలము.

ముందుగా ఈ క్రొత్త తరహా అక్షరము సంగతి. ఈ మధ్య ఏ దుకాణపు పలక చూచినను, ఏ సంచి చూచినను, అక్షరములు వృత్తలేఖినితోను, కొలబద్దతోను గీచినట్లు ఉండుట మీరు గమనించియే యుందురు. గీత అంతట ఒకే మందము. గుండ్రనిదైనచో పూర్తి వలయము, నిలువుదైనచో నిట్టనిలువు గీత. దీనిని మనము క్షేత్రగణితపు అక్షరము అనవచ్చును. ఇది నిన్న మొన్న పుట్టినది కాదు. లండను నగరములో భూగర్భ రైళ్ల కొరకు ఎడ్వర్డ్ జాన్‌స్టన్ అను లేఖకుడు ఇట్టి అక్షరములు గీయగా, 1916లో అవి వాడుకలోనికి వచ్చినవి. కదలుచున్న బండిలో నుండి స్టేషను పేరు ఒక్క చూపులో చదువగలుగుట వాటి ప్రయోజనము. పిదప జర్మనీలో పాల్ రెన్నర్ గీచిన ఫ్యూచురా అను లిపి 1927లో బావర్ అను అక్షరశాల నుండి వెలువడి లోకమంతట వ్యాపించినది. 1969లో చంద్రునిపై విడిచి వచ్చిన ఫలకము మీది మాటలు సైతము ఆ లిపిలోనివే.

ఆ ఫ్యూచురా కథలో మనకు పనికివచ్చు సంగతి ఒకటి కలదు. రెన్నర్ మొదట గీచిన అక్షరములలో కొన్ని కేవలము వలయములు, చతురములు, గీతలు మాత్రమే. చూచుటకు వింత, చదువుటకు కష్టము. విడుదలకు ముందు వాటిని పక్కన పెట్టి, కంటికి అలవాటైన రూపములనే క్రొత్త కొలతలో దిద్దిరి. అంతేకాదు, వలయము వలె కనబడు అక్షరము నిజముగా కొలచినచో పక్క అక్షరముల కంటె వెంట్రుకవాసి ఎత్తు ఎక్కువగా ఉండును. అడ్డగీత నిలువు గీత కంటె కొంచెము సన్నముగా ఉండును. గణితము ప్రకారము సమానముగా పెట్టినచో కంటికి అసమానముగా తోచును గనుక ఇట్లు చేయుదురు. గణితమునకు పేరు, కంటికి పెత్తనము అన్నమాట. మన నేతగాండ్రు ఈ మాట వినినచో నవ్వుదురు. గ్రాఫులో సరిగా ఉన్న పువ్వు బట్టలో సరిగా ఉండదని వారికి ఒకరు చెప్పవలెనా?

నాగరి లిపికి ఇట్టి వలయాక్షరము ఇప్పుడు చక్కగా అమరినది. ఇండియన్ టైప్ ఫౌండ్రీ వారి పాపిన్స్ అను లిపిలో ఇంగ్లీషు అక్షరములతో పాటు నాగరి అక్షరములును ఒకే కొలతతో గీయబడినవి. అది ఉచితముగా దొరకును గనుక మన ఊరి పలకలు చేయు దుకాణములన్నిటను అదే కానవచ్చును. తప్పు లేదు, చూడ ముచ్చటగానే ఉన్నది. కాని ఆ లిపిలో తెలుగు లేదు. అందుచేత మరాఠీ, ఇంగ్లీషు పంక్తులు ఒకే ఇంటి బిడ్డల వలె ఉండగా, తెలుగు పంక్తికి యంత్రములో చేతికి అందిన ఏదో ఒక లిపి తెచ్చి అతికింతురు. మన పలకకు వచ్చిన నమూనాలలో రెండింటి కథ ఇదియే.

మూడవ నమూనా చేసిన కుర్రవాడు కొంచెము శ్రద్ధ గలవాడు. తెలుగు అక్షరములను గూడ పాపిన్స్ పోలికగా తానే గీచి తెచ్చెను. అతనికి తెలుగు రాదు. ఒక పట్టిక చూచి గీచెను. ముచ్చటపడి చూచితిమి. ఒక్కచోట ఆగితిమి. అక్షరముల నెత్తిన ఉన్న తలకట్టు అనవసరపు అలంకారమని తలచి, అతడు దానిని తీసివేసినాడు. గుజరాతీవారు నాగరి మీది తలగీత తీసివేయలేదా, మీరును తీయవచ్చును గదా అని అతని వాదము. వాదము వినుటకు బాగుగానే ఉన్నది. కాని నాగరి తలగీత అక్షరమునకు అక్షరమునకు కట్టిన పందిరి గుంజ వంటిది. మన తలకట్టు అట్టిది కాదు. అది అకారమునకు గుర్తు. గుడి పెట్టినచో తలకట్టు పోవును, ఎత్వము పెట్టినచో పోవును.  అది తీసిన యెడల ర కును సున్నకును భేదమేమి? రెండును ఉత్త వలయములే. చుక్క పెట్టిన ఠ మాత్రము చుక్క బలముతో నిలుచును గాని, ర ముండనము చేయించుకొని సున్న అయి కూర్చుండును. ఇది చెప్పగా ఆ కుర్రవాడు నివ్వెరపోయి, మరునాడే తలకట్లు మరల గీచి తెచ్చెను. అతనికి మా ధన్యవాదములు.

ఇంతకు, తెలుగు గుండ్రని లిపి గనుక వలయాక్షరమునకు దాని కంటె అనువైన లిపి వేరొకటి లేదని పలువురు అనుకొందురు. సగము నిజము. ర, ఠ, సున్న మొదలైనవి వృత్తలేఖినికే పుట్టినట్లు ఉన్నవి. చిక్కు అక్షరము ఒడ్డున లేదు, లోపల ఉన్నది. ద చూడుడు, దానికి అడుగున నిలువు గీత చేర్చినచో ధ, కడుపులో చుక్క గూడ పెట్టినచో థ. ఒక్క చుక్కతో మాట మారిపోవును. ప, ష, వ, మ, ఘ లు ఒకే కుటుంబమువి. ముక్కుతీరులో తేడా తప్ప ముఖము ఒకటియే. ఒకే మందము గీతతో, ఒకే వలయముతో అన్నిటిని గీచినచో ఈ తేడాలు మాసిపోవును. చదువు వచ్చినవాడు సందర్భమును బట్టి పోల్చుకొనును. చదువు రానివాడు?

ఆ చదువు రానివారు ఎవరో కాదు, మన పిల్లలే. మన ముత్తాతలు తెలంగాణ పల్లెల నుండి మగ్గము మోసికొని ఈ ఊరు చేరిరి. 1877లో జూని మిల్లు నెలకొన్న పిదప పని వెంట మరియు వచ్చిరి. 1963లో ఆ మిల్లు మూతబడినను మనవారు ఇక్కడనే నిలిచిరి. ఇండ్లలో తెలుగు నిలిచినది. కాని నేడు సాఖర్‌పేటలోనో, దాజీపేటలోనో పది సంవత్సరముల పిల్లవానిని పిలిచి పలక చదువుమనుడు. నాగరి గడగడ చదువును. తెలుగు పంక్తి దగ్గర మన ముఖము చూచును. అతనికి తెలుగు అక్షరము కానవచ్చు చోట్లు వ్రేళ్ల మీద లెక్కింపవచ్చును. మార్కండేయుల గుడి, శ్రావణ పూర్ణిమ రథోత్సవపు పలకలు, పెండ్లి పత్రిక, మనబోటివారి దుకాణము నుదురు, ఎవరికో సన్మానములో కప్పిన చద్దరు అంచు. బడిపుస్తకము లేని పిల్లవానికి ఇవియే బాలశిక్ష. అందుచేత పలక మీది అక్షరము అందముగా ఉండుట ఒక్కటియే చాలదు. ధ ను ధ గాను, థ ను థ గాను నేర్పవలసిన పని గూడ దాని మీద ఉన్నది.

ఇక మా వృత్తి సంగతికి వత్తుము.

చద్దరు మీద పేరు ఎత్తించుట అనగా గళ్ల కాగితము మీద అక్షరమును మెట్లు మెట్లుగా కట్టుట. ఒక నిలువు వరుస ఒక పడుగు పోగు, ఒక అడ్డు వరుస ఒక పేక. 1804లో ఫ్రాన్సు దేశపు జాకార్డు కనిపెట్టిన యంత్రమునందు కార్డుకు రంధ్రములు పొడిచి ఏ పోగు లేవవలెనో చెప్పుచుండిరి. నేడు చాలచోట్ల కార్డులు పోయి కంప్యూటరు పెట్టెలు వచ్చినవి. కార్డు మారినను గడి మారలేదు. గడిలో వంకర గీత లేదు, అన్నియు మెట్లే.

ఈ నలుచదరపు గళ్లలో మన గుండ్రని ర ఎట్లు పట్టును? లెక్క చెప్పెదము, కుర్రవాండ్రు వ్రాసికొనుడు. ఇరువదిరెండు గళ్ల వలయము కావలెననుకొందము. మొదటి వరుసలో 6 గళ్లు, తరువాత 12, ఆపైన 14, 16, 18. పిమ్మట 20 గళ్లు మూడు వరుసలు, నడుమ 22 గళ్లు ఆరు వరుసలు. అక్కడి నుండి అదే లెక్క తిరుగుబాటుగా దిగవలెను. మొత్తము 22 వరుసలు. ఇది బయటి అంచు. నాలుగు గళ్ల మందము గీత పెట్టినచో లోపల 14 గళ్ల తెలుపు మిగులును. అందు నాలుగు గళ్ల చుక్క పెట్టినచో చుట్టును అయిదేసి గళ్ల ఖాళీ నిలుచును. ఠ స్పష్టముగా చదువబడును. కొందరు అక్షరము బలముగా కనబడవలెనని గీత ఆరు గళ్లు పెట్టింతురు. అప్పుడు లోపల మిగులునది పది. చుక్కకు చుట్టును మూడే గళ్లు. చద్దరులో అదియును నడచును. టవలులో నడవదు. టవలు మీదిది కుచ్చు నేత, నాలుగు ఉతుకులకు కుచ్చు విప్పారి ఆ మూడు గళ్లు పూడిపోవును. ఠ కాస్త నల్లని ముద్దగా మారును. బలము కొరకు మందము పెంచుట అనునది వర్తకులమైన మా అందరికిని ఉన్న వ్యామోహము. టవలు విషయములో దానిని విడువవలెను.

లెక్క ఇంతటితో తీరలేదు. పడుగు పోగుల సంఖ్య, పేకల సంఖ్య సమానముగా ఉన్నచో గదా గడి నలుచదరమగుట? అంగుళమునకు 40 పోగులు, 32 పేకలు ఉన్న బట్ట అనుకొందము. నలుచదరపు కాగితము మీద గీచిన వలయమును అట్లే ఎక్కించినచో, అది నిలువుగా సాగి కోడిగ్రుడ్డు అగును. ఆ బట్టలో 22 పేకల ఎత్తుకు 28 పోగుల వెడల్పు ఉన్నచో గాని ర గుండ్రముగా రాదు. పాతకాలపు డిజైనుదారులు బట్టకు తగిన గళ్ల కాగితము వేరువేరుగా ఉంచుకొనెడివారు. నేడు కంప్యూటరులో ఒక్క అంకె మార్చిన చాలును. కాని ఆ అంకె మార్చవలెనని తెలిసినవారు తక్కువగుచున్నారు. మన బజారులో కోలముఖపు తెలుగు అక్షరము ఇన్ని టవళ్ల మీద కనబడుటకు కారణము ఇదియే గాని లిపి దోషము కాదు.

ఇంకొకటి. అక్షరమునకు 28 పోగులు, నడుమ ఖాళీకి ఆరు, వెరసి 34 కొక్కెములు. యంత్రమునకు 240 కొక్కెములు ఉన్నచో ఏడు అక్షరములు పట్టును. మ, య వంటివి ఒకటిన్నర అక్షరపు చోటు తినును. మన 'మార్కండేయ' శబ్దము తీసికొనుడు. మా కు ఒకటిన్నర, ర్క కు ఒకటి, సున్నకు ఒకటి, డే కు ఒకటి, య కు ఒకటిన్నర. మొత్తము ఆరు, అనగా 204 కొక్కెములు. ముందు శ్రీ చేర్చినచో 238. రెండు కొక్కెములు మిగిలినవి. శ్రీ కిని పేరుకును నడుమ మాట విరుపు చూపుటకు చోటు లేదు! ఇట్టిచోట సున్నను కొంచెము చిన్న వలయముగా గీచి, ఆ మిగిలిన పోగులు విరుపునకు ఇచ్చుటయే ఉపాయము. సున్న చిన్నదైనచో ర తో పొరపాటు గూడ తప్పును. ఒకే పనికి రెండు లాభములు.

వెడల్పు చిక్కు ఇట్లుండగా ఎత్తు చిక్కు అంతకంటె పెద్దది. మీరు మొదట విన్న పలక ప్రశ్నకు జవాబును ఇక్కడనే ఉన్నది. నాగరిలో జోడక్షరములు చాలవరకు పక్కపక్కనే కలియును. మనకు వత్తులు క్రిందికి దిగును. లక్ష్మీ అన్నచో ఒక్క అక్షరమునకు రెండు వత్తులు, పైన గుడి దీర్ఘము. అక్షరముల పంక్తికి 48 వరుసల ఎత్తు ఉన్నదనుకొనుడు. పైన తలకట్టునకు, గుడికి ఎనిమిది, వత్తునకు పదునారు, నడుమ ఖాళీ రెండు పోగా అక్షరపు శరీరమునకు మిగులునది ఇరువదిరెండు. సగము గూడ లేదు. కంప్యూటరు వాడు కొలత ఇచ్చునది మొత్తము ఎత్తునకు. కన్ను చూచునది శరీరమును. అంకె ఒకటియైనను మన పంక్తి చిన్నదిగా తోచుట ఇందువలననే. ఇందు ఎవరి పక్షపాతమును లేదు, కొలత పెట్టిన చోటు తప్పు.

ఈ ఎత్తు బాధ తప్పించుకొనుటకు ఒక పెద్దమనిషి మాకు చక్కని ఉపాయము చెప్పిరి. వెనుకటి అచ్చు పుస్తకములలో వలపలగిలక ఉండెడిది గదా, దానిని మరల తెత్తము అనిరి. తెలియని పిన్నలకు చెప్పవలెనన్న, ర కు క వత్తు ఇచ్చుటకు బదులు క వ్రాసి దాని వలపల తొమ్మిది అంకె వంటి గిలక పెట్టుట. 'మాక౯ండేయ' అని వ్రాసి 'మార్కండేయ' అని చదువుట. వత్తు క్రిందికి దిగదు, పంక్తి అంతయు ఒకే ఎత్తున నడచును, వలయాక్షరమునకు ఎంతో ఒదుగును. నేతకు ఇంతకంటె అనువు లేదు. మాకును క్షణము సేపు ఆశ కలిగినది. కాని వత్తు చదువుటయే రాని పిల్లవాడు గిలక చూచి తొమ్మిది అని చదువడా? పాతదనము మీది ప్రీతితో పసివానికి క్రొత్త చిక్కు పెట్టుట న్యాయము కాదని మానుకొంటిమి. పండితులు క్షమింతురు గాక.

వత్తుల మాట వచ్చినది గనుక ఒక అనుభవము. ఒక పెండ్లివారికి టవళ్ల మీద తెలుగులో పేర్లు ఎత్తింపవలెనని ఆర్డరు వచ్చినది. అక్షరములు సరిగా కంప్యూటరులో వ్రాయించి ఒక డిజైను కార్ఖానాకు పంపితిమి. వచ్చిన గ్రాఫులో వత్తులన్నియు విడిపోయి, ప్రతి జంటాక్షరమును పొల్లుతో రెండు ముక్కలై యున్నది. 'లక్ష్మి' అను పేరు లక్ అనియు, ష్ అనియు, మి అనియు మూడు తునకలు. సంతకము పెట్టకముందే చూచితిమి గనుక బట్ట చెడలేదు. యూనికోడు పద్ధతిలో తెలుగునకు 1991 నుండియు చోటు కలదు. అక్షరములు లోపల సరిగనే ఉండును. వాటిని కూర్చి వత్తుగా చూపు నేర్పు ఆ డిజైను యంత్రమునకు లేకుండుటయే చిక్కు. పాత పద్ధతి లిపులతో వ్రాసినచో మరియొక తంటా, ఒక యంత్రములో తెలుగుగా ఉన్నది ఇంకొక యంత్రములో పిచ్చిగీతలగును. కాబట్టి మా దుకాణములో పెట్టుకొన్న నియమమేమనగా, పేరును అక్షరములుగా పంపకుండ బొమ్మగా మార్చి పంపుట, గ్రాఫు వచ్చిన పిదప తెలుగు వచ్చిన మనిషి చేత ఒక్కొక్క వత్తు వ్రేలు పెట్టి చదివించుట. మీ ఇంటి శుభకార్యములకు ఎక్కడ చేయించుకొన్నను ఇట్లే చేయుడని మా సలహా. పెండ్లి టవలు మీద పెండ్లికూతురి పేరు విరిగియుండుట ఎవరికి ఇంపు?

ఇప్పుడు మనకు దొరకు లిపులను గూర్చి. తెలుగులో పెద్ద అక్షరములకు లిపులు లేవని నిట్టూర్చు కాలము గడచినది. సిలికానాంధ్ర వారు పురుషోత్ కుమార్ గుత్తుల గారిచే చేయించి ఉచితముగా విడిచిన లిపులలో రామభద్ర అనునది శీర్షికలకు పనికివచ్చు బలమైన లిపి. రాయలనాటి కవి పేరు. ముంబయిలోని ఏక్ టైప్ వారు చేసిన బలూ తమ్ముడు అనునది బొద్దుగా, మూలలు నునుపుగా ఉండును. పిల్లల వస్తువులకు బాగు, భవనము పలకకు కొంచెము ఆటబొమ్మ తీరు అనిపించినది. వారే 2022లో అనేక్ అను పేరుతో తొమ్మిది భారతీయ లిపులకును, ఇంగ్లీషునకును కలిపి ఒకే కుటుంబముగా అక్షరములు విడుదల చేసిరి. అందు నాగరియు ఉన్నది, తెలుగును ఉన్నది. వెడల్పును, మందమును కావలసినట్లు పెంచి తగ్గించుకొనవచ్చును. నాగరి పంక్తికి పక్కన తెలుగు పంక్తి సొంత తోబుట్టువు వలె నిలుచుటకు మాకు దొరకినవానిలో ఇదియే మేలు. అది కేవలము వృత్తలేఖిని అక్షరము కాదు, వంపులలో చేతివాటము కొంత మిగిలియున్నది. ఆ మిగులు మాకు నచ్చినది. ఇక బాపు గారి చేతివ్రాత లిపి మీద మన వారికి గల మక్కువ చెప్పనక్కరలేదు, పెండ్లిపత్రిక అనగానే అదియే. కాగితము మీద దానికి సాటి లేదు. గళ్ల మీదికి ఎక్కించినచో సన్నని కొనలన్నియు ఒక్క పోగై, ఆ ఒక్క పోగును నేతలో మాయమై, అక్షరము తోకలు తెగినట్లు వచ్చును. పత్రికకు బాపు గారు, చద్దరునకు లావుపాటి వలయాక్షరము. ఎవరి కొలువు వారిది.

చద్దరు విషయములో ఇంకొక విడ్డూరము ఉన్నది. మన చద్దరు రెండు వైపుల కప్పుకొనదగినది. ఒకవైపు ఎఱ్ఱనేల మీద తెల్ల అక్షరము, రెండవ వైపు తెల్లనేల మీద ఎఱ్ఱ అక్షరము. కాని రెండవ వైపున పేరు అద్దములో వలె తిరుగబడియుండును. భౌగోళిక గుర్తింపు పొందిన సోలాపురీ చద్దరు మీద పేరు వేయించునపుడు ఏది మీది వైపో అంచు కుట్టువారికి ముందే చెప్పవలెను. సన్మానసభలో తిరుగుబడ్డ పేరుతో కప్పిన చద్దరులు మేము చూచితిమి, మీరును చూచియుందురు.

పలక సంగతికి మరలుదుము. 2022లో మహారాష్ట్ర ప్రభుత్వము చట్టము సవరించి, చిన్న దుకాణములకు సైతము మరాఠీ నాగరి పలక ఉండవలెననియు, ఇతర లిపుల అక్షరములు దాని కంటె పెద్దవిగా ఉండరాదనియు విధించినది. 2023లో సుప్రీము కోర్టు వర్తకులకు పలకలు మార్చుకొనుటకు రెండు నెలల గడువు ఇచ్చినది. అప్పుడు మన పేటలలో ఎన్నో పలకలు మారినవి. మారునపుడు జరిగినది మీకు తెలియును. చట్టము తెలుగు తీసివేయుమనలేదు. పెద్దది కావద్దు అన్నది, అంతే. మనమే భయముచేతనో, ఖర్చుచేతనో, ఎందుకు వచ్చిన గొడవ అనియో తెలుగు పంక్తి వదలివేసితిమి. మూడు తరములుగా తెలుగు పేరు ఉన్న ఒక వీధిలో మేము మొన్న నడచి లెక్కించితిమి. తెలుగు మిగిలిన పలకలు ఒక చేతి వ్రేళ్లకు మించలేదు. మరాఠీ మనకు అన్నము పెట్టిన భాష, పలకపై దానికి పెద్దపీట వేయుటలో మాకు ఏ ఆక్షేపణయు లేదు. సమానమైన కొలతకు చట్టములో చోటు ఉండగా ఆ చోటు ఖాళీగా విడుచుట ఎందులకని మాత్రమే అడుగుచున్నాము.

మన యువకులలో కొందరు తెలుగు మాటలనే నాగరిలో వ్రాయుదము, అందరును చదువగలరు గదా అనుచున్నారు. వారిని మేము తప్పుపట్టము. వారు నిజాయితీతో అన్న మాట అది, పెండ్లిపత్రికలలో ఇప్పటికే జరుగుచున్నది గూడ. కాని నాగరిలో వ్రాసిన తెలుగు మాటకు ఎ, ఏ భేదము చిక్కదు, ఒ, ఓ భేదము చిక్కదు. నాగరిలో వాటికి గుర్తులు కల్పించుకొన్నవారు ఉన్నారు గాని మన పేటలో వాటిని చదువువారెవరు? ఆ పద్ధతి అవసరమునకు వాడుకొనుడు. పలక మీద మాత్రము తెలుగు తెలుగు లిపిలోనే ఉండవలెనని మా అభిప్రాయము.

కార్యవర్గము ముందు మేము పెట్టునది ఇది. భవనము పలక మీద మరాఠీ, తెలుగు రెండును అనేక్ లిపిలో వేయింతము. కొలత మొత్తము ఎత్తునకు గాక, నాగరిలో తలగీత క్రింది శరీరమునకును, తెలుగులో తలకట్టు క్రింది శరీరమునకును సరిపోల్చి పెట్టింతము. వత్తులకు వలసిన చోటు కొరకు పలక కొంచెము ఎత్తు పెరుగును, ఖర్చును ఆ మేరకు పెరుగును. ఆ పెరిగిన మొత్తము భరించుటకు ఇద్దరు సభ్యులు ఇప్పటికే ఒప్పుకొనిరి. పేరు చెప్పవలదనిరి గనుక చెప్పుటలేదు.

రెండవది, చద్దరులకు, టవళ్లకు పనికివచ్చు గళ్ల అక్షరముల పట్టిక ఒకటి తయారు చేయుచున్నాము. ఇరువదిరెండు వరుసల శరీరము, నాలుగు గళ్ల గీత, తలకట్టు తప్పనిసరి, చుక్కలు నాలుగు గళ్లకు తగ్గరాదు. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు పూర్తియైనవి. వత్తులలో క, త, ల, య, ర అయినవి. శ్రీ లోని క్రారవడి ఎడమ వైపున ఎంత దూరము చుట్టి రావలెననుటలో మాకును, మా డిజైను చేయు వారికిని ఇంకను తగవు తెగలేదు. పట్టిక ఎవరికైనను ఉచితము. మా దుకాణపు గుర్తు దాని మీద ఉండదు. వచ్చు ఆదివారము ఉదయము పది గంటలకు భవనము మేడ మీద గ్రాఫు కాగితములు, పెన్సిళ్లు పెట్టియుంతుము. డిజైను పని తెలిసినవారు, బడిలో తెలుగు చెప్పువారు, ముఖ్యముగా తెలుగు చదువ నేర్చుకొనుచున్న పిల్లలు రండు. గీచిన అక్షరములను పది అడుగుల దూరమున గోడకు తగిలించి పిల్లల చేత చదివింతుము. వారు చదువలేని అక్షరము ఎంత అందముగా ఉన్నను తీసి మరల గీయుదుము. ష, వ, మ లు ఆనాడే తేలవలసియున్నవి.